చూరు కింద వ్రాసిన తీర్పు

అనగనగా, రాజు ఒక్కడే ఉండి సభలు మాత్రం వీధికొకటి ఉన్న కాలంలో, సిరివాడ అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నం నడిబజారులో నాంచారమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది.

పప్పు ఆవిడదే, పులుసు ఆవిడదే, నోరూ ఆవిడదే. ఆ నోటికి జడిసి ఈగలు కూడా విస్తరి మీద వాలవని బండివాళ్ళు చెప్పుకునేవారు. చదువు ఎవరూ చెప్పించలేదు. భోజనానికి వచ్చిన పండితులకు గరిటెడు నెయ్యి ఎక్కువ వేసి, పూటకొక అక్షరం రాబట్టుకుంది. అక్షరాలు పూర్తయ్యాక చేతికందిన తాటాకునల్లా చదివింది. రాజశాసనాలను కూడా వదల్లేదు.

ఒక వేసవిలో నిప్పురవ్వ పడి ఆవిడ పూరిల్లు కాలిపోయింది. నాంచారమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. మెడలో ఉన్నదీ చేతికి ఉన్నదీ అమ్మేసి, మరుసటి వేసవికల్లా ఇటుకలతో కొత్త ఇల్లు లేపింది. ముందువైపు బారెడు చూరు దించింది. చూరు కింద నున్నటి అరుగు వేయించింది. గుమ్మం పక్క గోడలో గూడు పెట్టించి, అందులో చల్లటి నీళ్ళ కుండ ఉంచింది.

సరిగ్గా అప్పుడే పట్నానికి శోభాసభ అని కొత్తది ఒకటి వచ్చింది. నడిబజారులో ఏ కట్టడం ఏ తీరున కనబడాలో తేల్చేది ఆ సభే.

అందులో ముగ్గురు పెద్దలు. సభాపతి విరూపాక్షయ్య పొరుగు రాజ్యం ఒక్కసారి చూసి వచ్చాడు. ఇక ఇక్కడిదేదీ ఆయన కంటికి ఆనడం మానేసింది. రెండోవాడు బలభద్రయ్య, సేనలో నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. మూడోవాడు గురునాథం, నగల వర్తకుడు. నాంచారమ్మ ఇంటికి ఎదురుగా ఉన్న అంగడి ఆయనదే. సభ మెచ్చేటట్టు అంగడి ముఖమంతా చెక్కించి అద్దంలా నునుపు చేయించాడు. చూరు లేదు, అరుగు లేదు, మనిషి నిలబడే చోటు లేదు. చూడడానికి చాలా బాగుంటుంది, దూరం నుంచి.

సభ నుంచి నాంచారమ్మకు కబురు వచ్చింది. "నీ ఇంటి ముఖం నడిబజారుకు తగదు. మార్చకపోతే ఏనుగుల చేత పడగొట్టిస్తాం."

ఆవిడ ఉన్నదంతా ఆ గోడల్లోనే పోసింది మరి! కొంగు బిగించి సభకు వెళ్ళింది.

"అయ్యా, అరుగు మీద కూర్చున్నవాడే లోపలికొచ్చి అన్నం తింటాడు. గోడను చూస్తే ఎవడికి ఆకలేస్తుంది?"

"శోభ సంగతి నీకేం తెలుసు?" అన్నాడు విరూపాక్షయ్య.

"శోభ తెలియదు బాబూ, శాసనం తెలుసు. కట్టడం దగ్గరికి వచ్చి, కళ్ళారా చూసి, అక్కడే తీర్పు వ్రాయాలని ఉంది. నాలుగో ఆకు. తమరు చదివే ఉంటారు."

ముగ్గురు పెద్దలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూలన కూర్చున్న ముసలి లేఖకుడు తిప్పన్న మాత్రం "ఉంది, ఉంది" అని తలూపాడు.

ఆ రాజ్యంలో ఇంకొక ఆనవాయితీ కూడా ఉంది. తీర్పు ఏదైనా సరే, అది ఎప్పుడు, ఎక్కడ, ఏ తీరున ఉండి చెప్పారో ముందు వ్రాసి, ఆ తర్వాతే తీర్పు వ్రాయాలి. పూర్వం ఒక అధికారి పల్లకీలో కునుకుతూ ఇచ్చిన ఆజ్ఞకు ఒక వంతెన ఎగిరిపోయిందట. అప్పటి నుంచి ఈ జాగ్రత్త. తిప్పన్న పొల్లు పోకుండా వ్రాసేవాడు. చదివే నాథుడే లేడు.

మొదటి రోజు మిట్టమధ్యాహ్నం సభ దిగింది. గురునాథం గోడ మీద పడిన ఎండ, అక్కడ చోటు లేక, తిరిగొచ్చి విరూపాక్షయ్య బట్టతల మీద కూర్చుంది. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, గబగబా నాంచారమ్మ చూరు కిందికి వచ్చి చెమట తుడుచుకున్నాడు.

"అబ్బ! రాసుకో తిప్పన్నా. ఈ చూరు ఇంటి ముఖాన్ని మింగేస్తోంది. కొట్టేయాలి."

"అంత పాడు చూరు కింద మీకెందుకు బాబూ? వీధిలోకి వచ్చి చెప్పండి," అంది నాంచారమ్మ.

"నాకు ఇక్కడి నుంచే బాగా కనబడుతోంది!" అన్నాడు సభాపతి. అక్కడి నుంచి ఆయనకు కనబడేది ఎదుటి గురునాథం అంగడే.

తిప్పన్న గంటం గరగరలాడింది.

రెండో రోజు బలభద్రయ్య వంతు. ఆయన "అమ్మా" అంటూ అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి గోడకు జారగిలబడ్డాడు. ఆ తర్వాత కాళ్ళు బార్లా చాపాడు.

"రాసుకో. అరుగు నాగరికం కాదు. పనిలేనివాళ్ళకు పడక. తవ్వేయాలి."

"అయితే లేవండి బాబయ్యా, పనిలేనివాళ్ళ చోటది."

"నేను పని మీద కూర్చున్నాను!"

మూడో రోజు గురునాథం. ఎదురింటి నుంచి వచ్చేసరికే నాలుక పిడచకట్టింది. నాంచారమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగాడు. రెండో చెంబు అడిగాడు. మూడోది కూడా అడిగి, మూతి తుడుచుకుని, "గోడలో ఆ గూడేమిటి, పన్ను ఊడిన నోరులా! పూడ్చేయాలి" అన్నాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా అన్నా?"

"అమృతంలా ఉన్నాయి. అయినా గూడు పూడ్చాల్సిందే."

మూడు తీర్పులూ నాంచారమ్మకు వ్యతిరేకమే. ఇక రాజముద్ర పడితే ఏనుగులు బయలుదేరతాయి. పెద్దలు ముగ్గురూ వెళ్ళిపోయాక ఆవిడ గోడను ఒకసారి అరచేత్తో తడిమింది. నోరుగల మనిషి కళ్ళు కూడా చెమ్మగిల్లుతాయి.

"తిప్పన్నగారూ, ఆనవాయితీ ప్రకారమే వ్రాశారా?"

"నలభై ఏళ్ళుగా అంతే వ్రాస్తున్నానమ్మా."

"అయితే రేపు నా ఇల్లు బతికిపోయినట్టే."

మర్నాడు నిండు కొలువులో విరూపాక్షయ్య తీర్పు పత్రం ముందు పెట్టాడు. "సారాంశం ఇంతే మహాప్రభూ: చూరు, అరుగు, గూడు తీసేయాలి. ముద్ర వేయించండి."

"మహారాజా, నాదొక్కటే మనవి," అంది నాంచారమ్మ. "పడగొట్టించండి, కాదనను. పత్రం మాత్రం మొదటి ముక్క నుంచి చదివించండి."

"అవన్నీ దండగ మాటలు ప్రభూ!" అన్నాడు సభాపతి. అంత గట్టిగా అనేసరికి రాజుకు వినాలనిపించింది.

తిప్పన్న గొంతు సవరించుకుని చదివాడు.

"వైశాఖ శుద్ధ దశమి. ఎండకు ఓర్వలేక నాంచారమ్మ చూరు కిందికి చేరి, 'అబ్బ' అని సేదదీరుతూ సభాపతివారు సెలవిచ్చినది: ఈ చూరు కొట్టివేయవలెను."

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏకాదశి. నాంచారమ్మ అరుగు మీద జారగిలబడి, కాళ్ళు బార్లా చాపి బలభద్రయ్యవారు సెలవిచ్చినది: ఈ అరుగు పనిలేనివారికి పడక. తవ్వివేయవలెను.

"ద్వాదశి. నాంచారమ్మ గూటిలోని నీరు మూడు చెంబులు సేవించి, అమృతమని మెచ్చి గురునాథంవారు సెలవిచ్చినది: ఈ గూడు పూడ్చివేయవలెను."

రాజు నవ్వాడు. నవ్వీ నవ్వీ కిరీటం పక్కకు ఒరిగింది. "విరూపాక్షయ్యా! ఇది తీర్పా, ఆవిడ ఇంటికి నువ్విచ్చిన యోగ్యతాపత్రమా?"

సభాపతి నేల చూపులు చూశాడు. "ఇల్లు బాగాలేదు ప్రభూ... నీడ బాగుంది."

"అయితే ఆ ఇల్లు అలాగే ఉండాలి. మీ సభ మాత్రం ఈ పక్షం రోజులూ, మిట్టమధ్యాహ్నం, మీరు మెచ్చిన గురునాథం గోడ ముందే జరగాలి. మా ఆజ్ఞ!"

మొదటి రోజు ఆ నునుపు గోడను ముగ్గురూ పొగిడారు. రెండో రోజు కొంచెం తక్కువ పొగిడారు. మూడో రోజు గురునాథమే తాపీవాళ్ళను కేకేసి పిలిచాడు. "ముందు చూరు దించండిరా! బారెడు!"

"అరుగు కూడా!" అన్నాడు బలభద్రయ్య, రెండు మోకాళ్ళూ పట్టుకుని.

ఎదురుగుండా అరుగు మీద విస్తళ్ళు కుడుతున్న నాంచారమ్మ తలెత్తింది. "గురునాథమన్నా, చూరు దించుతున్నావా? శోభాసభ అనుమతి తీసుకున్నావా?"

నడిబజారంతా గొల్లుమంది. చివరికి గురునాథం కూడా నవ్వేశాడు. నాంచారమ్మ లేచి, ముగ్గురికీ మూడు చెంబుల నీళ్ళు తనే పట్టుకెళ్ళి ఇచ్చింది.

కాబట్టి పిల్లలూ, ఒకరి నీడన నిలబడి ఆ నీడనే నిందించేవాడి తీర్పు నిలవదు. మనిషిని సేదదీర్చే అందమే అసలైన అందం.