బొండానికి పూసిన చేదు

రాజవైద్యుడి విషప్పొడి ఆకుల మీద చల్లితే ఊళ్లో గొంగళిపురుగులన్నీ చచ్చాయి. పైడమ్మ చిక్కుడు పాదుకి పట్టిన పేనుబంక మాత్రం చావలేదు.

"ఇది నా పొడి చల్లనేలేదు మహారాజా, దీని పొలం లాక్కోండి!" అన్నాడు వైద్యుడు.

పైడమ్మ ఒక కొబ్బరి బొండానికి చుట్టూ వేపముద్ద పూసి, బొప్పాయి కాడ గొట్టంలా గుచ్చి అతనికిచ్చింది. అతను గటగటా తాగేశాడు.

"చేదుగా ఉందా బాబూ?"

"పైన పూసిన చేదు లోపలి నీళ్లకెలా వస్తుందే?"

"పేనూ అంతే బాబూ. గొంగళి ఆకు నమిలి చచ్చింది. పేను ఆకులోకి గొట్టం దించి రసం తాగుతుంది."

రాజు ఒక పేనుని గోటి మీద పెట్టుకుని నోరు తెరిచాడు. "ఆవగింజలో సగం లేదు, దీనికో గొట్టమా! మరెలా చంపడం?"

"విషం వేరుకి పొయ్యాలి మహారాజా. మొక్క తాగితే రసంలోకి ఎక్కుతుంది."

వైద్యుడు చేతిలోని ఖాళీ బొండం వంక చూసుకున్నాడు.

"ఆ కొబ్బరిచెట్టు మొదట్లో ఏం పోశావు తల్లీ?"