పొయ్యి పోయిన పిల్లి

అనగనగా ఏటిగట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో సింహాచలం అనే ఆయన ఇంటి ముందు గదిలోనే ఇడ్లీ హోటలు నడిపేవాడు. వెనక గదిలో ఇంత పొడుగు మట్టిపొయ్యి. పొయ్యి ముందు ఆయన భార్య సన్యాసమ్మ. పొయ్యి చల్లారాక ఆ వెచ్చటి బూడిదలో ముసలి గండుపిల్లి, బూడిదయ్య.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

బూడిదయ్య ఊరికే తిని పడుకునే రకం కాదమ్మా. ఆ ఇంట్లో బియ్యం బస్తాలనీ మినప్పప్పునీ ఏళ్ళ తరబడి ఎలకల నుంచి కాచింది వాడే. జీతం లేదు, సెలవు లేదు. కాసిన్ని పాలు, ఒక చేప తల, బూడిదలో నిద్ర. వాడి ఆస్తల్లా అంతే. సింహాచలం కూతురు పైడమ్మ బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి ముందు వాడి వీపు మీది బూడిద దులిపేది.

అప్పుడేమైందంటే, సింహాచలం గ్యాసు పొయ్యి కొన్నాడు. కొంటే మంచిదే. కానీ ఒక్క రోజులో మట్టిపొయ్యి పగలగొట్టించాడు. బూడిదంతా ఎత్తి పారబోయించాడు. నల్లరాయి గట్టు కట్టించి, గోడలకి ఘాటు రంగు వేయించి, గదంతా ఫినాయిలుతో కడిగించాడు. సాయంత్రం బూడిదయ్య తన చోటికి వచ్చాడు. చోటు లేదు. నాలుగు మూలలూ మూచూశాడు. తన వాసన ఎక్కడా లేదు. పరాయి ఇల్లయిపోయింది.

మర్నాడు వాడు కొత్త గోడకి వీపు పెట్టి నిలబడ్డాడు. తోక నిటారుగా ఎత్తాడు. తోక చివర సన్నగా వణికింది. గోడ మీద చుర్రుమని చిమ్మాడు. ఆ కంపుకి ఇడ్లీ తింటున్నవాళ్ళు చట్నీ వదిలేసి లేచిపోయారు.

అప్పుడు పక్కింటి గవరమ్మ వచ్చి, ఆ చోట కారం చల్లమంది. చల్లారు. బూడిదయ్య తుమ్మి తుమ్మి, కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ వెళ్ళి గ్యాసు బండ మీద చిమ్మాడు.

ఆ తర్వాత సింహాచలం ఇంకా ఘాటైన ఫినాయిలు తెచ్చి గడపతో సహా కడిగాడు. బూడిదయ్య వచ్చి ఆ గడప మీదే చిమ్మాడు.

ఆ తర్వాత ఇన్నేళ్ళూ తను కాపలా కాసిన బియ్యం బస్తా మీదే చిమ్మాడు. ఇక చూసుకో. ముసలాడికి కక్ష అని గవరమ్మ, ఉప్పు తిన్న ఇంటికే ద్రోహమని సింహాచలం. రేపు గోనెలో కట్టి ఏటి అవతల వదిలేస్తానన్నాడు.

పైడమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? ముసలితనంలో వాడి చోటు లాక్కున్నది వీళ్ళు, కక్ష కట్టింది వాడా? ఏటి అవతల ఊరకుక్కల మధ్య వాడు ఒక్క పూట బతుకుతాడా? బస్టాండు గోడల మీద చదివిన మాటలన్నీ ఆ పిల్ల ఇంట్లో అప్పజెప్పింది. విచారణ లేని శిక్ష చెల్లదంది. కష్టం చేసినవాడిదే చోటంది. సింహాచలం రుబ్బురోలు దగ్గర నుంచి తలెత్తకుండా, గోడల మీది మాటలు గోడలకే చెప్పుకోమన్నాడు.

అప్పుడు పైడమ్మ ఏం చేసింది? పొద్దున్నే బూడిదయ్యని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసింది. మామూలుగా ఉచ్చ ఎక్కడ పోస్తాడని అడిగింది. పెరట్లో ఇసకలో కూర్చునే పోస్తాడనీ, నొప్పిపడడం లేదనీ, ఇంట్లో మాత్రం నిలబడి చిమ్ముతున్నాడనీ చెప్పింది పైడమ్మ. అయితే రోగం కాదు, భయం అంది డాక్టరమ్మ. తన వాసన లేని ఇంట్లో పిల్లి ప్రాణం నిలవదు. అందుకని మళ్ళీ తన వాసన రాసుకుంటాడు. మీరు కడుగుతారు, వాడు రాస్తాడు. మీరు ఇంకా ఘాటుగా కడుగుతారు, వాడు ఇంకా రాస్తాడు.

ఈ మధ్య మీ ఇంట్లో ఏం మారిందని అడిగింది. పైడమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయింది.

"మారనిదేమీ మిగల్లేదండీ," అంది.

ఆ తర్వాత ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలో సింహాచలం గోనె విప్పి పట్టుకుని ఉన్నాడు. పైడమ్మ బుట్ట కింద పెట్టి, తనే ఆ గోనెలో కాళ్ళు పెట్టి నడుం దాకా లాక్కుని కూర్చుంది.

"లేవే, హోటలు ముందు ఏమిటీ వేషాలు!"

"పొయ్యి పగలగొట్టేటప్పుడు వాణ్ణి ఒక్క మాట అడిగావా నాన్నా? అడగకుండా ఇల్లు లాక్కుని, ఏడిస్తే కంపంటావా? కట్టు. నన్నూ వదిలేసి రా."

"పిల్లిని అడగడమేమిటే పిచ్చిమొహమా?"

లోపల పప్పు రుబ్బుతున్న సన్యాసమ్మ చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చింది.

"నన్ను మాత్రం అడిగావా?" అంది. "పొయ్యి పెట్టినప్పుడూ అడగలేదు, తీసినప్పుడూ అడగలేదు. ఆ పొగకి పదేళ్ళు దగ్గాను. ఆ మట్టిపొయ్యి మళ్ళీ పెట్టావంటే ఆ గోనెలో కూర్చునేది నేను. ఆ ముసలాణ్ణి తోలేసినా నేనే. ఇప్పుడు కట్టుకో, ఎవర్ని కడతావో."

ఇడ్లీలకొచ్చినవాళ్ళు పకపకా నవ్వారు. సింహాచలం గోనె వదిలేశాడు.

అప్పుడు తల్లీకూతుళ్ళు వెతుక్కుని ఒక పాత ఇనప తట్ట తెచ్చారు. వీధి చివర కమ్మరి కొలిమి బూడిద అడిగి తెచ్చి, చల్లార్చి, అందులో పోశారు. ఇడ్లీ పాత్ర సెగ తగిలే మూలలో పెట్టారు. ఆ మూలకి చీపురు వెళ్ళకూడదు, ఫినాయిలు వెళ్ళకూడదు. చిమ్మిన చోట్లన్నీ కుంకుడు రసంతో, వేడినీళ్ళతో కడిగారు.

వెంటనే మానేశాడా? మానలేదు. ఇంకోసారి గోడ మీద చిమ్మాడు. సింహాచలం చెయ్యి ఫినాయిలు సీసా మీదికి వెళ్ళింది. సన్యాసమ్మ చూసింది. చెయ్యి వెనక్కి వచ్చింది. తర్వాత చిమ్మడం తగ్గింది. తర్వాత ఆగింది. ఒక పొద్దున్న బూడిదయ్య నల్లరాయి గట్టు దగ్గరికి వచ్చి, తోక ఎత్తకుండా, బుగ్గ ఆనించి మెల్లగా రుద్దాడు. నాదే అని చెప్పడానికి పిల్లికి అదీ ఒక పద్ధతేనమ్మా. కంపు ఉండదు. నమ్మకం కుదిరితేనే చేస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సింహాచలానికి రుబ్బురోలు కిటికీ దగ్గరికి జరపాలనిపించింది. రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకుని ఆగాడు. జరపనా అని సన్యాసమ్మని అడిగాడు.

వద్దంది.

జరపలేదు.

కథేమో కంచి బాట పట్టింది,
పిల్లేమో బూడిద తట్ట పట్టింది,
నిద్రేమో నీ కంటిరెప్ప పట్టింది.