నడినెత్తి మీది సెనిత్

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే చండభాను మహారాజు మనసు వెన్న, డాబు మాత్రం కొండంత. ఆయన కొలువులో కూచన అనే మాటకారి ఉండేవాడు.

ఒకసారి స్పెయిన్ దేశం నుంచి ఆంద్రెస్ అనే దొర ఓడ దిగి కొలువుకు వచ్చాడు. చుక్కల శాస్త్రం చదివినవాడు. "మహారాజా, ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తైన చోటును మా భాషలో సెనిత్ అంటాం. కీర్తి శిఖరాన ఉన్నవాణ్ణి కూడా సెనిత్‌లో ఉన్నాడంటాం" అన్నాడు.

"అది ఇప్పుడెక్కడుంది?"

"సరిగ్గా తమ తల మీద."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సెనిత్ తన సొత్తనీ, తమకూ ఉందని ఇంకెవరూ అనరాదనీ చాటింపు వేయించాడు. ఆంద్రెస్ ఏదో చెప్పబోయాడు గానీ, వినేదెవరు?

మర్నాడు రాజును చిన్ననాటి నుంచి వండిపెట్టి పెంచిన సూరమ్మ నెయ్యి వడ్డిస్తూ, "నాయనా, ఆ సెనిత్తేదో నా నెత్తిన కూడా ఉందట. దొర చెప్పాడు" అంది మురిసిపోతూ.

రాజు ముఖం కందగడ్డయింది. "సాయంత్రంలోగా కోట విడిచి వెళ్ళు" అన్నాడు.

సూరమ్మ నేతిగిన్నె కింద పెట్టి వెళ్ళింది. కోట తప్ప ఆమెకు వేరే ఇల్లు లేదు. పక్క విస్తరి ముందు కూర్చున్న కూచన చేతిలో ముద్ద వదిలేశాడు.

"ప్రభూ, వెళ్ళగొడితే చాలదు, దొంగసొత్తు రాబట్టాలి. వంటింటికి దయచేయండి" అన్నాడు.

సూరమ్మ మూట కట్టుకుంటోంది. కూచన ఆమె కూర్చునే పీట మీద రాజును కూర్చోబెట్టాడు. "ఇప్పుడు సెనిత్ ఎవరి నెత్తిన ఉంది ప్రభూ?"

"నా నెత్తిన."

"చిక్కింది. మరి సింహాసనం పైనున్న తమ సెనిత్‌కు కాపలా ఎవరు? సూరమ్మను అక్కడ కూర్చోబెట్టమంటారా?"

"అక్కడేముంది కాపలాకు? నాది నాతోనే వచ్చిందిగా" అని కసిరాడు రాజు.

"అలాగే సూరమ్మది సూరమ్మతో పోతుంది. ఇందులో దొంగతనమెక్కడుంది? పొలంలో కూలివాడు కూడా పొద్దు నడినెత్తికొచ్చిందంటాడే, అదే ఇది. ఎవరి నెత్తి వారిది, ఎవరి సెనిత్ వారిది ప్రభూ."

రాజు తలెత్తి పొగచూరిన కప్పును చూశాడు, ఆ తర్వాత సూరమ్మ మూటను చూశాడు. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, మెడలోని హారం తీసి కూచన మెడలో వేశాడు.

పీట మీంచి మాత్రం లేవలేదు. "అమ్మా, ఆ మూట విప్పెయ్యి. నాకింకా ఆకలి తీరలేదు, ఇక్కడే వడ్డించు" అన్నాడు.