చిల్లు గిన్నె కాపలా

హమ్ముకి అన్నం సయించక చాలా రోజులైంది. జ్వరమూ కాదు, అజీర్తీ కాదు. గురువుగారి పక్కన ఇంకొకడు నడుస్తున్నాడు. అదే జబ్బు.

ఆ గురువుగారి పేరు వాజీజ్. సూఫీ ఫకీరు. అట్లాస్ కొండల్లో ఊరూరూ తిరుగుతూ, పెట్టింది తింటూ, ఎవరింటి అరుగుమీదో నడుం వాల్చి, తెల్లారగానే ఇంకో ఊరికి సాగిపోయే మనిషి. ఆ ప్రాంతంవాళ్ళు ఆయన్ని 'సీదీ' అని పిలుస్తారు, మనం పెద్దవాళ్ళని 'స్వామీ' అన్నట్టు. హమ్ము మీసం రాకముందే ఆయన వెంట చేరాడు. ఇప్పుడు గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చేశాయి. సీదీకి చలిగాలి తగిలితే ఏ మోకాలు పట్టేస్తుందో, టీలో పుదీనా ఎంత పడాలో, ఏ దుప్పటి గుచ్చుకుంటుందో, అన్నీ హమ్ముకి కంఠతా వచ్చు.

రెండోవాడి పేరు బిహీ. బొజ్జమనిషి. మొన్న ఆలివ్ కాయలు కోసేవేళ దాకా సంతలో గాడిదలకి జీనులు కుట్టుకుని బతికినవాడు. ఒకరోజు సూది అక్కడే పడేసి, "నేనూ వస్తాను సీదీ" అని వెంటపడ్డాడు. ఆయన రమ్మన్నాడు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు చూడండి, అదిగో అలా అయింది. బిహీకి ప్రార్థన సరిగా రాదు. ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికే మొహం వేలాడేస్తాడు. కానీ వాడు నోరు తెరిస్తే చాలు, సీదీ నవ్వుతాడు. ఇన్నేళ్ళ సేవలో హమ్ము ఆయన్ని ఒక్కసారైనా నవ్వించిన పాపాన పోలేదు.

అలా ముగ్గురూ ఒక సాయంత్రం తింజార్ అనే ఊరికి చేరారు. ఆ కొండల్లోనే తరతరాలుగా బతుకుతున్న అమాజిగ్ జనం ఊరు. కొండ ఒంటికి ఎర్రమట్టి ఇళ్ళు పిచుక గూళ్ళలా అతుక్కుని ఉంటాయి. కింద లోయలోకి మెట్లు మెట్లుగా చిన్న చిన్న మడులు. మడుల మధ్య అక్రోట్ చెట్లు. ఆ ఊళ్ళో బాటసారి కనబడితే వదలరు. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడిగేలోపే కాళ్ళకి నీళ్ళు, చేతికి రొట్టె వచ్చేస్తాయి.

ఊరిపెద్ద ఉబెల్లా తన ఇంట్లో దిగమన్నాడు. బార్లీ రొట్టె, వెన్న, తేనె ముందు వచ్చాయి. తర్వాత అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్ళెం, మధ్యలో మాంసం. అక్కడ ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు. పక్కవాడి వైపు చెయ్యి చాపడం తప్పు. మాంసం మాత్రం పళ్ళెం చుట్టూ కూర్చున్నవాళ్ళలో పెద్దవాడు తుంచి అందరి వైపుకీ తోస్తాడు.

"సీదీ," అన్నాడు బిహీ, నోట్లో ముద్ద ఉండగానే, "స్వర్గంలో గాడిదలుంటాయా?"

"ఎందుకు?"

"ఉంటే జీనులు కుట్టేవాడు కావాలి కదా. పుణ్యం చాలకపోయినా పనివాడి కింద లోపలికి రానిస్తారేమోనని."

సీదీకి నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. ఉబెల్లా తొడమీద చరుచుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వులోనే సీదీ ఒక ముక్క తుంచి బిహీ వైపు తోశాడు. తర్వాత ఇంకోటి తుంచి హమ్ము వైపు తోశాడు.

నిజం చెప్పాలంటే హమ్ముకి వచ్చిందే పెద్ద ముక్క. పైగా ఎముక లేనిది. కానీ ముందు అటు వెళ్ళింది కదా! హమ్ము ఆ ముక్కని అలాగే పళ్ళెంలో వదిలేశాడు.

చేతులు కడిగించేటప్పుడు చెంబు పట్టుకుని అడిగేశాడు. "సీదీ, నావల్ల ఏదైనా తప్పు జరిగిందా?"

"లేదే."

"మరి..."

"మరి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మంచిదే. నీళ్ళు పొయ్యి."

మర్నాడు పొద్దున్నే ఉబెల్లా ఒక రాగిగిన్నె పట్టుకొచ్చాడు. అరచేతిలో పట్టేంత గిన్నె, అడుగున సూదిమొనంత చిల్లు.

దాని సంగతి చెప్పాలి. ఆ ఊరికి ఉన్నది ఒకటే ఊట. ఆ నీళ్ళు సన్నటి కాలవలో పడి మడులకి వంతులవారీగా పారతాయి. గంగాళం నిండా నీళ్ళు పోసి ఈ చిల్లు గిన్నెని పైన వదులుతారు. నీళ్ళు చిల్లులోంచి మెల్లిగా లోపలికి ఎక్కి, గిన్నె నిండి మునిగిందంటే ఒకరి వంతు అయిపోయినట్టు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తం చూడటానికి వెనకటికి గడియ గిన్నె వేసేవారట, అచ్చం అలాంటిదే. మునగ్గానే కాపలా మనిషి కేకేస్తాడు. మడవ తిప్పి పక్క మడిలోకి నీళ్ళు మళ్ళిస్తారు.

అయితే ఆ కాపలా ఎవరు కాయాలి? ఊళ్ళో అందరికీ మడులున్నాయి. మడి ఉన్నవాడి కంటికి తన గిన్నె తొందరగా మునిగినట్టూ, పక్కవాడి గిన్నె తేలుతూనే ఉన్నట్టూ కనబడుతుంది. అందుకని బాటసారి ఎవరైనా వస్తే గిన్నె ఆయన చేతిలో పెడతారు. ఈ ఊళ్ళో ఆయనకి సెంటు భూమి లేదు కాబట్టి ఆయన చూపులో వంకర ఉండదని నమ్మకం. ఆ ఊరు అతిథికి ఇచ్చే గౌరవాల్లో అంతకన్నా పెద్దది లేదు.

ఉబెల్లా గిన్నెని సీదీ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని హమ్ముకి ఇచ్చాడు.

"ఇతను చూస్తాడు."

హమ్ము స్థానంలో ఇంకొకడుంటే పొంగిపోయేవాడు. అతను మాత్రం మొహం ముడుచుకుని అందుకున్నాడు. 'ఓహో, నన్ను ఇక్కడ కూలేసి మీరిద్దరూ ముచ్చట్లాడుకుంటారన్నమాట!'

అనుకున్నట్టే అయింది. సీదీ, బిహీ కింది మడి పక్కన అక్రోట్ చెట్టు నీడలో కూర్చున్నారు. గంగాళం దగ్గర్నుంచి చూస్తే ఎదురుగానే కనబడతారు.

మొదటి వంతు ఉబెల్లాది. తర్వాతది తూదాది. తూదా భర్త పోయిన మనిషి. గిన్నె నీళ్ళమీద వదిలేముందు ఆమె గంగాళం దగ్గరికొచ్చింది.

"నాయనా, నా ఉల్లినారు తలలు వేలాడేసింది. ఎండ మసీదు గోడమీదికి వస్తే నీళ్ళు కింది ఊరికి వెళ్ళిపోతాయి. అది వాళ్ళతో ఎప్పటి ఒప్పందమో. ఈలోపే నాకు రావాలి. కన్ను గిన్నెమీదే ఉంచు."

"అదెంత పనమ్మా," అన్నాడు హమ్ము.

గిన్నె వదిలాడు. అది బాతుపిల్లలా తేలింది.

కింద బిహీ ఏదో అన్నాడు. సీదీ నవ్వాడు.

'ఏమన్నాడో! గాడిదల గురించే అయ్యుంటుంది. వాడికి ఇంకేం తెలుసు?'

సీదీ పుల్ల తీసుకుని నేలమీద ఏదో గీశాడు. బిహీ బొజ్జ నేలకి ఆనేట్టు వంగి చూశాడు.

'నాకెప్పుడైనా గీసి చూపించాడా? నేను అడగలేదనుకో. అడిగితేనే చెప్పాలా?'

సీదీ అక్రోట్ కాయ ఒకటి రాయితో కొట్టి, పప్పు తీసి బిహీ చేతిలో పెట్టాడు. ఇప్పుడు బిహీ ఇటు చెయ్యి చూపించి ఏదో చెబుతున్నాడు. సీదీ తల ఊపుతున్నాడు. 'నా గురించే!' హమ్ము మోకాళ్ళమీద లేచి, మెడ చాచి, చెవి అటు పెట్టాడు.

"ఒరేయ్ ఎవర్రా గిన్నె దగ్గర! చచ్చాడా బతికున్నాడా!"

ఉబెల్లా కేక. ఆయన మడి నిండి, గట్టు తెగి, నీళ్ళు దారిమీద పడి రాళ్ళలోకి పోతున్నాయి. నారంతా బురదలో పడుకుంది. హమ్ము గంగాళంలోకి చూశాడు. గిన్నె అడుగున ఉంది. ఎండ మసీదు గోడమీద ఉంది.

జనం చేరారు. సీదీ కూడా వచ్చాడు. బిహీ రొప్పుతూ వెనక నిలబడ్డాడు.

"ఇప్పుడే మునిగింది," అన్నాడు హమ్ము. "కేకేయబోతున్నాను, ఇంతలో..."

"ఇప్పుడే మునిగితే గట్టు ఎలా తెగింది నాయనా?" అంది తూదా. "నీ గిన్నె మీద అలిగి తెగిందా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

సీదీ వంగి, గంగాళం అడుగునుంచి గిన్నె తీశాడు. నీళ్ళు వంపేసి అడిగాడు. "హమ్మూ, మునిగేటప్పుడు ఇది చప్పుడు చేస్తుంది. ఎలా చేసింది?"

హమ్ము తల దించుకున్నాడు.

అతిథిని నిలబెట్టి తిట్టడం ఆ ఊరి మర్యాద కాదు. తిడితే బాగుండునని హమ్ముకి అనిపించింది. కింది ఊరివాళ్ళు వచ్చి నీళ్ళు మళ్ళించుకుపోయారు. తూదా మడి పగుళ్ళు అలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

ఉబెల్లా గడ్డం గోక్కుని అన్నాడు. "నా మడి కావలసినదానికన్నా ఎక్కువే తాగింది. రేపు పొద్దున మా పొరుగాయన తర్వాత మళ్ళీ నాకు వంతుంది. అది తూదా తీసుకోనీ. కాకపోతే..." సీదీ వైపు చూశాడు. "గిన్నె దగ్గర ఈసారి ఆ లావుపాటాయన్ని కూర్చోబెడదాం సీదీ."

హమ్ము చెవులు ఎర్రబడ్డాయి. ఇక మిగిలిందేముంది? తెల్లారితే మూట కట్టుకుని కొండ దిగిపోవడమే.

"నేనా!" అన్నాడు బిహీ. "నేను కదలకుండా కూర్చుంటే గురకపెడతానండీ. గిన్నె మునిగినా నా గురకలో వినబడదు."

"హమ్మే చూస్తాడు," అన్నాడు సీదీ.

తూదా కొంగు బిగించింది. "సీదీ, మీరు పెద్దవారు. కానీ నా ఉల్లి తగలేసి మీ శిష్యుడికి పాఠం చెప్పకండి."

"నిజమే," అన్నాడు సీదీ. "నువ్వు ఒప్పుకుంటేనే."

తూదా హమ్ము వైపు తిరిగింది. అందరూ తిరిగారు. అతని చూపు మాత్రం నేలమీదే ఉంది.

"అమ్మా, నేను గిన్నె చూడలేదు," అన్నాడు చివరికి. "అక్కడ చెట్టుకింద వీళ్ళనే చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు మునిగిందో నాకు తెలియదు."

తూదా అతన్ని కిందనుంచి మీదిదాకా చూసింది.

"సరే, నువ్వే కూర్చో," అంది. "నేను పక్కనే పార పట్టుకుని నిలబడతాను. అది మడవ తిప్పడానికే. నువ్వు మళ్ళీ అటు చూస్తే మాత్రం దేనికో చెప్పలేను."

మర్నాడు అదే గంగాళం, అదే ఎండ. సీదీ, బిహీ వెళ్ళి అదే చెట్టుకింద, అదే చోట కూర్చున్నారు. ఇంకెక్కడా చోటు లేనట్టు! ముందు ఉబెల్లా పొరుగాయన వంతు. హమ్ము గిన్నెని నీళ్ళమీద వదిలాడు.

కిందనుంచి నవ్వు వినబడింది. హమ్ము మెడ దానంతటదే తిరగబోయింది. దవడలు బిగించి చిల్లు వైపు చూశాడు.

చిల్లులోంచి నీళ్ళు సన్నటి దారంలా లేస్తున్నాయి. నిన్న ఇది చూడనే లేదు. గిన్నె అడుగున ముందు ఒక చుక్క నిలిచింది. అది మెంతిగింజంత అయింది, బఠాణీ అంత అయింది, మెల్లిగా పాకి అడుగంతా పరుచుకుంది. నీళ్ళలో కొండ నీడ పడింది. గిన్నె అంచు బరువెక్కి ఒక పక్కకి ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది. కిందనుంచి నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో హమ్ముకి తెలియలేదు. మడుల్లో పిట్టలు అరిచాయి. పక్కన తూదా పార మార్చి పట్టుకుంది.

నీళ్ళు అంచుకి వచ్చాయి. గిన్నె ఒక్క క్షణం తటపటాయించి, 'గుబుక్' అని చిన్నపిల్ల గుటక వేసినట్టు మునిగింది.

"మునిగింది! మడవ తిప్పండి!"

తూదా అప్పటికే పరిగెత్తింది. పారతో మట్టి లాగింది. నీళ్ళు మలుపు తిరిగి పగుళ్ళలోకి దిగాయి. మడి బుసబుసమంటూ తాగింది.

హమ్ము అప్పుడు తలెత్తాడు. అక్రోట్ చెట్టుకింద బిహీ ఒక్కడే ఉన్నాడు. తలపాగా మొహంమీద కప్పుకుని నిద్రపోతున్నాడు.

'సీదీ ఏడి?' హమ్ము చటుక్కున వెనక్కి తిరిగాడు.

అతని వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, సీదీ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సీదీ! ఎప్పుడొచ్చారు?"

"గిన్నె అడుగు తడిసేటప్పటికే."

హమ్ము అడగాలని ఇన్నాళ్ళూ మూటగట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"తూదా వంతు మొదలైంది," అన్నాడు సీదీ. "గిన్నె వెయ్యి."

హమ్ము గంగాళంలో చెయ్యి పెట్టి గిన్నె తీశాడు. నీళ్ళు వంపి మళ్ళీ వదిలాడు. దానిమీదికి వంగి కూర్చున్నాడు.

వెనక ఆయన ఉన్నాడో, లేచి వెళ్ళాడో, ఈసారి తిరిగి చూడలేదు.