చెట్టు పడని వైపు

లింబాద్రి గొడ్డలి పడితే చెట్టు అతని మాట వింటుందని అడవిలో చెట్లు కొట్టే గుంపంతా అనేది. ఎటు వేలు చూపిస్తే అటే పడేది. పక్కనున్న లేత మొక్కకు కూడా దెబ్బ తగిలేది కాదు.

అతని బాధల్లా ఒక్కటే. పని నేర్పిన ఖాసింసాబ్ మేస్త్రీ ఇంతవరకూ శభాష్ అనలేదు. వాగు అవతల కొత్తగా కొట్టుడు మొదలవబోతోంది. అక్కడికి పోయే గుంపుకు మేస్త్రీ ఎవరో ఖాసింసాబే చెప్పాలి. అదీ చెప్పలేదు.

ఒక పొద్దున లింబాద్రి ఉండబట్టలేక అడిగేశాడు.

"చిచ్చా, నాల ఏం తక్కువున్నది? చెప్పు, నేర్సుకుంట."

ఖాసింసాబ్ వాలులో కాస్త వంగి నిలబడ్డ పెద్ద నల్లమద్ది చెట్టును చూపించాడు.

"దాన్ని దించు."

"ఎక్కడ పడాలె?"

"నువ్వే చెప్పు."

లింబాద్రి చెట్టు చుట్టూ తిరిగాడు. కొమ్మల బరువు ఎటుందో చూశాడు, గాలి ఎటుందో చూశాడు. దిగువన రెండు బండల నడుమ ఒక బండి పట్టేంత సందుంది.

"అగో, ఆ నడుమ," అన్నాడు.

గుంపంతా పని ఆపి దూరంగా వచ్చి కూర్చుంది. బండ మీద పడితే అంత మానూ చీలి వంటచెరకు అయిపోతుంది. లింబాద్రి పరువూ అంతే.

అతను గొడ్డలి ఎత్తేలోగా ఖాసింసాబ్ కత్తి తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళాడు. వంగి ముళ్ళకంప నరకడం మొదలుపెట్టాడు. తీగలు పీకి పారేశాడు. కాళ్ళకు అడ్డం పడే రాళ్ళు ఏరి పక్కన పెట్టాడు. చెట్టు మొదలు నుంచి ఏటవాలుగా ఎగువకు ఒక సన్నటి బాట తయారవుతోంది.

"చిచ్చా, చెట్టు పడేది అటు! నీ చెట్లకు చేసినట్టు నా చెట్టుకు గూడ ఇటు సాఫ్ చేస్తున్నవ్!"

"ఇది చెట్టుకు కాదు బేటా, నీకు. పడే మాను ఒక్కోసారి ఎనుకకు తంతది. కదలంగనే ఈ బాట పట్టుకొని నా కాడికి రా."

"నేను కొట్టిన చెట్టుకు నేనే ఉరుకాల్నా?"

గుంపు గొల్లుమంది. ఖాసింసాబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇంకో రాయి తీసి పక్కన పెట్టాడు.

లింబాద్రి చెట్టు పడాల్సిన వైపు లోతుగా గాటు పెట్టాడు. తర్వాత వెనక నుంచి కొట్టడం అందుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎంతో సేపటికి మాను లోపల టప్పుమంది. మళ్ళీ టప్పుమంది. పైన ఆకులు వణికాయి.

ఎప్పుడూ అయితే అతను మొద్దు పక్కనే నడుం మీద చెయ్యేసుకుని నిలబడేవాడు. తన చెట్టు ఒరగడం దగ్గర్నుంచి చూడటమంటే అతనికి అంత ఇష్టం. కానీ చిచ్చా మాట. మూతి ముడుచుకుని బాట పట్టి పైకి నడిచాడు.

నేల అదిరింది. దుమ్ము అణిగాక చూస్తే, మద్ది రెండు బండల నడుమ హాయిగా పడుకుని ఉంది. ఎక్కడా చిన్న చీలిక లేదు. గుంపు ఈలలు వేసింది.

ఖాసింసాబ్ అతని భుజం తట్టాడు.

"శభాష్ బేటా. రేపటి సంది వాగవతలి గుంపు నీదే."

లింబాద్రికి సంతోషంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ ఊపులో ముసలాయన్ని కాస్త ఆటపట్టించాలనిపించింది. మొద్దు వైపు చూశాడు. దాని చుట్టూ ఒక్క పుల్ల కూడా విరిగి పడలేదు; అక్కడే నిలబడ్డా ఏమీ అయ్యేది కాదు.

"చూసినవా చిచ్చా! నీ బాట ఊకెనే పాయె."

"పాయె," అని ఒప్పుకున్నాడు ఖాసింసాబ్. "ఈ అడవికి వచ్చినప్పటి సంది నేను దించిన చెట్టుకొక బాట కొట్టిన. అన్నీ ఊకెనే పాయె. ఒక్కటి తప్ప."

"అయితే ఆ ఒక్కటి కొట్టుకుంటే సాలు గద చిచ్చా!"

"సాలు," అన్నాడు ఖాసింసాబ్, కత్తికి అంటిన ఆకుపసరు తుడుస్తూ. "కానీ అది ఏ చెట్టుదో ముందుగాల చెప్పెటోడే దొరకలే."

అందరూ పడీపడీ నవ్వారు. లింబాద్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే, రేపట్నుంచి తన వెంట వాగు దాటబోయే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. అతని నవ్వు మెల్లగా ఆగింది.