మేక ఈనిందా?

నాగుల్‌మీరాకి గుండెపోటు వచ్చి మూడు నెలలైంది. స్టెంటు వేసి పంపారు. రోజూ నడవమన్నారు, కంగారు పెట్టుకోవద్దన్నారు. ఈ మనిషి కంగారు పెట్టుకుని నడక మానేశాడు.

పరుపులు కుట్టుకునే మనిషి. పదేళ్లుగా కొండ మీద దర్గాలో కాశిం బాబాకి శిష్యుడు. ఇప్పుడేమో కింద మొదటి మెట్టు దగ్గరికొచ్చి నిలబడతాడు. రెండు వేళ్లూ మణికట్టు మీదే. నాడి లెక్కపెట్టుకుంటాడు. చెమటలు పడతాయి. వెనక్కి పోతాడు. వారం నుంచి ఇదే వరస.

నా పూలబుట్ట పదో మెట్టు మీద. అన్నీ కనపడతాయి.

బాబా రోజూ కొండెక్కేటప్పుడు నా దగ్గర ఆగుతాడు. "మేక ఈనిందా అమ్మా?" అంటాడు. మేక చచ్చి రెండేళ్లు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. పైన అగరొత్తులోడి దగ్గర ఆగి కూతురి పెళ్లెప్పుడంటాడు. ఆ పిల్లకి కొడుకు కూడా పుట్టాడు. పెద్దాయనకి మతిపోయిందిలే అనుకున్నాం.

ఇవాళ బాబా దిగొచ్చి మీరా పక్కన కూర్చున్నాడు.

"ఎక్కవేంరా?"

"మధ్యలో ఆగిపోద్దేమో బాబా."

"ఏది, కాలా?"

"గుండె. పడుకుంటే దాని చప్పుడే వినపడతంది. వినపడకపోతే ఇంకా భయం. మా ఆడది లేచి లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తంది."

బాబా మీరా వేళ్లు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టాడు.

"లెక్కపెట్టు."

పెట్టాడు. మొహం పాలిపోయింది. "బాబా! తప్పతంది! కొట్టుకుంటా కొట్టుకుంటా ఒకటి లేదు!"

"పన్నెండేళ్ల నుంచీ అంతే. నీ డాక్టరే నాకూ. బిళ్లలు ఇదుగో, జేబులో."

"మరి రోజూ ఎక్కుతున్నారే! భయం లేదా?"

"ఎందుకు లేదు? నేనేమన్నా మొనగాణ్ణా? కాసిన్ని మెట్లెక్కి ఆగుతా. ఎవరన్నా ఉంటే పలకరిస్తా. మాట తిన్నగా వస్తే పై మెట్టు. మాట రాకపోయినా, నొప్పనిపించినా కూర్చుంటా."

మాల కడుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

బాబా లేచి ఎక్కడం మొదలెట్టాడు. వెనక్కి చూడలా. నా దగ్గర ఆగాడు, మేక సంగతి అడిగాడు, పైకి పోయాడు.

మీరా చాలాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత మణికట్టు వదిలి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. ఒక మెట్టు. ఆగాడు. ఇంకోటి. ఎండ నా బుట్ట మీదికొచ్చేదాకా పట్టింది పదో మెట్టుకి.

నా ముందు నిలబడ్డాడు. కళ్లల్లో భయం అట్టాగే ఉంది. పెదాలు కదిలాయి, మాట రాలా. నేను చూస్తన్నా. ఊపిరి తీసుకున్నాడు.

"అక్కా... మేక ఈనిందా?"

"ఈనిందయ్యా," అన్నా. "రెండు పిల్లలు. కూర్చో, చెప్తా."