గీతలు లేని వేలిముద్ర

కుళ్లాయప్పకు ఎంటెక్‌లో సీటు వచ్చింది. ఆరు లక్షల చదువు అప్పుకు బ్యాంకు సరేనంది. ఇక మిగిలింది ఒక్కటే. శుక్రవారం పొద్దున తండ్రి ఓబులేసును తీసుకుపోయి కాగితం మీద వేలిముద్ర వేయించాలి.

అంత చిన్న పని. అయినా వారం రోజులుగా కుళ్లాయప్పకు సరిగా నిద్ర లేదు. కన్ను మూతపడబోయే సమయానికి వెనక ఎవరో పిలవబోతున్నట్టు ఉంటుంది. పిలవరు. పిలవబోతారు, అంతే. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, గురువారం జిలానీ తాత దగ్గరికి వచ్చాడు.

జిలానీ తాత బేతంచెర్ల వైపు నాపరాతి గనుల మధ్య ఒక చిన్న దర్గాలో ఉండే ఫకీరు. కుళ్లాయప్ప పదో తరగతి నుంచీ ప్రతి గురువారం వచ్చి, దర్గా ఊడ్చి, ఆయన పక్కన కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని పోతాడు. ఆయన నేర్పిన విద్య అదే. ఈమధ్య తాతకు మతిమరుపు వచ్చింది. సాంబ్రాణి ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. అన్నం తిన్నాడో లేదో మరిచిపోతాడు. ఏడేళ్లుగా వస్తున్న శిష్యుణ్ణి కూడా, గడప మీద నీడ పడగానే, "ఎవరు బేటా నువ్వు?" అని అడుగుతాడు.

"కుళ్లాయప్పను తాతా. బీటెక్ చదివినోన్ని. ఎంటెక్‌కు పోతాండా."

ఎప్పుడూ చెప్పే జవాబుకు ఆ చివరి మాట ఈ వారమే చేర్చాడు, కొంచెం గొప్పగా.

తాత చాప మీద చోటు చూపించాడు. కుళ్లాయప్ప తన నిద్ర సంగతి చెప్పి, నాలుగేళ్ల కిందటి అప్పు కాగితాలు, ఇప్పటివి, రెండూ ముందు పెట్టాడు. వీటిలో ఏముందని తాత అడిగాడు. అంతా ఇంగ్లీషులో ఉందని, బ్యాంకు కాగితాలన్నీ అట్లాగే ఉంటాయని కుళ్లాయప్ప చెప్పాడు. ఇంగ్లీషు చదువుకున్నది నువ్వే కదా అన్నాడు తాత. దానికి కుళ్లాయప్ప నవ్వేశాడు.

అతనికి తెలిసింది కొంచెమే. పాత అప్పు నాలుగు లక్షలు. చదివినన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కట్టనక్కర్లేదు. ఆ కాలానికి వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. ఇప్పుడు మళ్లీ చదువులో చేరుతున్నాడు కాబట్టి ఇంకో రెండేళ్లు ఎవరూ అడగరు. స్నేహితులు చెప్పిందీ ఇంతే. ఎన్నికలొస్తే మాఫీ కూడా చేస్తారని వాళ్లలో ఒకడు పందెం కాశాడు.

"నాలుగేండ్లాయ తాతా. ఒక్క ఉత్తరం రాలే. ఒక్క ఫోను రాలే."

"మర్చిపోయినారంటావా?"

"ప్రభుత్వం కదా తాతా. ఎంతమందినని గుర్తు పెట్టుకుంటాది?"

తాత పాత కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ చివరి పుట దగ్గర ఆగాడు. అడుగున ఒక నల్లటి మచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టి, లోపలికి జారుతుందేమో అన్నట్టు చటుక్కున తీశాడు.

"ఈ గుంత ఎవరిది బేటా?"

"గుంత కాదు తాతా. మా నాయన వేలిముద్ర."

ఓబులేసు ఇరవై ఎనిమిదేళ్లు నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టి, వేళ్ల మీద గీతలు పోగొట్టుకున్నాడు. బ్యాంకులో వేలిముద్ర మిషను అతన్ని ఐదుసార్లు కాదంది. చివరికి ఇంకు ప్యాడు తెచ్చి బొటనవేలు ఒత్తించారు. కాగితం మీద ఒక్క గీత కూడా లేకుండా పడింది, కోలగా, నున్నగా, నల్లగా. నువ్వు మనిషివేనా అని అక్కడెవరో అంటే అందరూ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. ఇప్పుడు రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఈ ఏడాదితో పని మానకపోతే బతకడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఇంకో రెండేళ్లలో కొడుకు సంపాదనకొస్తాడు కదా అని అతనూ మానేద్దామనుకుంటున్నాడు.

"మీ నాయన ఎందుకేసినాడు?"

"ఊరికే తాతా. ఇంట్లో పెద్దోళ్లు ఎవరో ఒకరు వెయ్యాలంతే."

తాత కాగితాలన్నీ మడిచి తన మోకాలి కింద పెట్టుకున్నాడు.

"పాత గనిలోకి దిగు. అప్పు తీసుకున్నోని పేరు మూడుసార్లు పిలువు. జవాబు వచ్చేదాకా ఉండు."

ఆ గని దర్గా వెనకే ఉంది. రాయి అయిపోయిందని పదిహేనేళ్ల కిందట వదిలేశారు. ఓబులేసు మొదట ఉలి పట్టింది అందులోనే. మెట్లు మెట్లుగా కోసిన రాతి గోడలు, అడుగున పాచి పట్టిన నీళ్లు. చిన్నప్పుడు కుళ్లాయప్ప తోటిపిల్లలతో అంచున నిలబడి పేర్లు అరిచేవాడు. ఏ పేరు అరిస్తే ఆ పేరు నాలుగు గోడలూ తిరిగి వచ్చేది. ఆ గని పలుకుతుందని చుట్టుపక్కల అందరికీ తెలుసు.

అతను వెళ్లేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పైనుంచి చూస్తే నీళ్లు పచ్చగా లేవు. నల్లగా ఉన్నాయి, కోలగా, నున్నగా.

దిగి, నీళ్ల దగ్గర నిలబడి పిలిచాడు. "కుళ్లాయప్పా."

గని పలకలేదు.

ఇంకా గట్టిగా పిలిచాడు. మూడోసారి గొంతు చీరుకుపోయేట్టు పిలిచాడు. కేక నోటి ముందే ఆగిపోయింది, ఎవరో దాని మీద దుప్పటి కప్పినట్టు. ఒక్క పిట్ట అరుపు లేదు. పగలంతా వినిపించే పాలిష్ మిషన్ల రొద కూడా లేదు. ఒక రాతి మీద కూర్చున్నాడు. మొదట భయమేసింది. కాసేపటికి ఆ నిశ్శబ్దం అలవాటైంది. ఇంకాసేపటికి హాయిగా కూడా అనిపించింది. ఇక రాదులే అనుకున్నాడు. లేచి మెట్లెక్కసాగాడు.

ఏడో మెట్టు మీద ఉండగా వెనక నుంచి వచ్చింది.

"ఓబులేసూ."

మెల్లగా, పక్క గదిలో ఉన్నవాళ్లను పిలిచినట్టు. తిరిగి చూశాడు. ఎవరూ లేరు. నీళ్ల మధ్య ఒక వలయం లేచి అంచుకు వస్తోంది. రాయి ఎవరూ వెయ్యలేదు.

"ఓబులేసూ." ఈసారి ఎదుటి గోడలోంచి.

అప్పుడు ఆ గొంతు ఎవరిదో తెలిసింది. తనదే. పుట్టి ఇన్నేళ్లలో అతను తండ్రిని ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. ఏ కొడుకైనా ఎందుకు పిలుస్తాడు? రెండు చేతులతో గట్టిగా నోరు మూసుకున్నాడు.

మూడోసారి అది చెవి పక్కనే వచ్చింది. అతను పంపిన కేకకు నాలుగింతలై వచ్చింది. గోడ మీది చిన్న రాళ్లు రాలి నీళ్లలో పడ్డాయి. చేతుల కింద అతని పెదాలు కదలనే లేదు.

పైకి వచ్చిన కుళ్లాయప్ప దర్గాకు పోలేదు. రెండు మైళ్ల అవతల తండ్రి పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీకి పరుగెత్తాడు.

ఓబులేసు షెడ్డు బయట ఒక నాపబండ మీద కూర్చుని ఉన్నాడు. సద్ది గిన్నె మూత తీసి ఉంది కానీ ముద్ద ముట్టలేదు. ఒళ్లంతా తెల్లటి దుమ్ము. మొహం పాత గని వైపు తిరిగి ఉంది.

తోటి పనివాడు మద్దిలేటి ముందు పలకరించాడు. "రాప్పా ఇంజినీరూ. మిషన్ మోతలో పక్కన నిలబడి అరిసినా మాకు వినపడదు. మీ నాయనకు నువ్వు యాడి నుంచో పిలిచింది వినపడిందంట. అదీ పేరు పెట్టి. చెవుల్లో దుమ్ము చేరిందిలే అంటే కొట్టేటట్టు చూస్తాడు."

ఓబులేసు నవ్వలేదు.

"మూడుసార్లు," అన్నాడు. "నీ గొంతే. మిషన్ ఆపి బయటికొచ్చినా." దగ్గు వచ్చి కాసేపు ఆగాడు. "ఏం కావాల్రా కుళ్లాయీ? నేనేం ఇయ్యాల?"

కుళ్లాయప్ప బండ మీద పక్కన కూర్చున్నాడు. కాగితాల ఫోటోలు ఫోనులో ఉన్నాయి. మొదటి పుట నుంచి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. తను కూడా వాటిని చదవడం అదే మొదటిసారి. పాత అప్పు కట్టడానికి ఇచ్చిన గడువు దానంతటది పెరగదు. మళ్లీ చదువులో చేరినట్టు రాసిచ్చి అడగాలి. ప్రభుత్వం వడ్డీ భరించేది ఒక్క చదువుకే, అది బీటెక్‌తో అయిపోయింది. కొత్త అప్పుకు డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే వడ్డీ పుడుతుంది. చదివే రెండేళ్లూ, ఆ పైన ఏడాదీ, ఎవరూ అడగని ఆ కాలమంతా పెరుగుతుంది. చివర అసలులో కలిసిపోతుంది. మాఫీ అన్న మాట ఏ పుటలోనూ లేదు.

మూడో పుటలో ఒకచోట అతను ఆగాడు. అక్కడ ఏముందో చెప్పమన్నాడు ఓబులేసు.

"అప్పు తీసుకున్నది ఇద్దరు నాయనా. నేనూ, నువ్వూ. నేను పలక్కపోతే నిన్ను పిలుస్తారు."

ఓబులేసు బొటనవేలు ఎండలోకి చాపి చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు చూసుకున్నాడు.

"మొదటి నుంచి ఇంకోసారి చదువు. మెల్లగా," అన్నాడు. "మద్దిలేటినీ ఇట్ల రమ్మను. నేను మర్చిపోతే వాడు చెప్తాడు."

శుక్రవారం వాళ్లు బ్యాంకుకు పోలేదు. సోమవారం పోయి, అడగాల్సినవన్నీ అడిగి వచ్చారు. కొత్త కాగితం అడుగున వేలిముద్ర చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

తర్వాతి గురువారం కుళ్లాయప్ప దర్గాకు వస్తూ పాత గని అంచున ఆగాడు. అవతలి గట్టున ఒకామె తప్పిపోయిన మేకను పేరు పెట్టి పిలుస్తోంది. గని ఎప్పటిలాగే పలుకుతోంది. ఆ మేక పేరే.

గడప మీద నీడ పడింది.

"ఎవరు బేటా నువ్వు?"

"ఓబులేసు కొడుకును తాతా."

తాత మోకాలి కింద నుంచి కాగితాలు తీసి అతని చేతికిచ్చాడు. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. చాప మీద కొంచెం పక్కకు జరిగాడు.

"ఆ," అన్నాడు. "గుర్తొచ్చినావు."